కోతిని ఆపిన పిల్ల

మా వదిన చేతికి ఏ బొమ్మ ఇచ్చినా ముందు దాని పొట్ట కోస్తుంది. ఆ పొట్ట మళ్లీ కుట్టడం నా పని. మేమిద్దరం ఒకే చోట పనిచేస్తాం. నడవలేని, మాట్లాడలేని, చెయ్యి తిప్పలేని పిల్లల కోసం నడిపే కేంద్రం అది. ముందు వైపు తరగతి, దాని పక్కన థెరపీ గది, వెనక వరండా మూసి చేసిన ఇరుకు గదిలో మా ఇద్దరి బల్లలు. నా బల్ల మీద కుట్టుమిషను, ఆమె బల్ల మీద సోల్డరింగు ఐరను. కుర్చీలకు పట్టీలు, మెడ పక్కన పెట్టే దిండ్లు, గడ్డం కింద కట్టే గుడ్డలు నేను కుడతాను. ఆ పని మధ్యలో ఆమె కోసి పడేసిన కుక్కల్నీ ఎలుగుబంట్లనీ కూడా నేనే బాగుచెయ్యాలి. కుట్టు కనపడకూడదు, బ్యాటరీ మార్చాలంటే విప్పడానికి వీలుండాలి. ఈ రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయో ఆమెకు పట్టదు. కొయ్యడం వరకే ఆమె పూచీ.

వదిన అంటే మా అన్నయ్య భార్య. చేతిపనిలో ఆమెకు వంక పెట్టలేం. నోటి సంగతి మాత్రం నన్ను అడక్కండి. ఆమె మామూలుగా మాట్లాడితే వీధి చివర నడిచేవాళ్లు వెనక్కి తిరిగి చూస్తారు. తప్పు ఆమెది కాదు, చెవులది. చెవులు పోయాయని ఒప్పుకోదు చూడండి, ఆ తప్పు మాత్రం ఆమెదే.

"నాకు బ్రహ్మాండంగా వినిపిస్తుంది. మీ అన్నాచెల్లెళ్లే నోట్లో నోట్లో గొణుగుతారు," అంటుంది.

మా అన్నయ్య సరుకుల వ్యాను నడుపుతాడు. రోజంతా హారన్లు విని ఇంటికొచ్చే మనిషికి ఇంట్లోనైనా కాస్త ప్రశాంతంగా ఉండాలని ఉండదా? ఏరి కోరి చెవి మిషను కొనుక్కొచ్చాడు. వదిన ఒక్క పూట పెట్టుకుని, "తలలో ఎవరో రేకులు ఈడుస్తున్నట్టుంది," అని తీసి బీరువాలో పడేసింది. అప్పటినుంచి అన్నయ్యకు టీ కావాలంటే గ్లాసు పైకెత్తి చూపిస్తాడు. ఉప్పు తక్కువైతే వేళ్లు నలిపి చూపిస్తాడు. కొత్తవాళ్లెవరైనా చూస్తే మాటలు రానిది ఆయనకే అనుకుంటారు.

ఆ చెవులు నూలు మిల్లులో పోయాయి. పెళ్లి కాకముందే ఆమె అక్కడ చేరింది. కింద పడిన దూది ఊడ్చే పని. ఊడుస్తూ ఊడుస్తూ మోటార్లు బాగుచేసే ఫోర్‌మన్ వెనకాల చేరి, అడక్కుండానే పానాలు అందిస్తూ, ఆయన వద్దన్నకొద్దీ వైర్లలో వేలు పెట్టింది. ఆయన కసిరీ కసిరీ అలిసిపోయి, చివరికి పని నేర్పాడు. నూలు వడికే కదుళ్లు తిరిగే షెడ్డులో పక్క మనిషితో మాట్లాడాలంటే చెవి దగ్గర నోరు పెట్టి అరవాలి. అలా అరిచి అరిచి గొంతు పెరిగింది, విని విని చెవులు తరిగాయి. మిల్లు మూతపడ్డాక ఇంట్లో కూర్చుని మా అన్నయ్య ప్రాణం తోడేస్తుంటే, కేంద్రంలో ఫ్యాన్లు బాగుచేసే మనిషి కావాలని నేనే వెంటబెట్టుకొచ్చాను. మా అన్నయ్య ఇప్పటికీ ఆ మేలు మర్చిపోలేదు.

ఫ్యాన్లు అయిపోయాక ఆమె కళ్లు బొమ్మల మీద పడ్డాయి. మా దగ్గర పిల్లలకు చేతులూ మెడా కదిలించడం నేర్పే అమ్మాయి ఒకతె ఉంది, అందరం థెరపీ అమ్మాయి అంటాం. ఆ అమ్మాయి ఎక్కడినుంచో తెప్పించిన కుక్క బొమ్మ ఒకటి పాడైపోయింది. దానికి పొడుగాటి వైరు, వైరు చివర పళ్లెమంత బటను. పిల్ల ఆ బటను మీద చెయ్యి వేస్తే కుక్క తోక ఊపి మొరుగుతుంది. బజార్లో దొరికే బొమ్మలకైతే పొట్ట కింద గోరంత మీట ఉంటుంది, మా పిల్లల వేళ్లకు అది లొంగదు. ఎవరో ఆడించి చూపిస్తే చూడటమే తప్ప తమంతట తాము ఆడించే బొమ్మ వాళ్లకు ఉండదు. వదిన ఆ కుక్కని విప్పి లోపలికి తొంగిచూసింది.

"ఓస్, ఇంతేనా? బ్యాటరీ నుంచి మోటారుకి పోయే వైరు తెంపి, రెండు కొసలూ బయటికి లాగి, మధ్యలో బటను పెట్టారు. ఇది మా మిల్లులో ఊడ్చే పిల్లకి కూడా తెలుసు!"

ఆ ఊడ్చే పిల్ల ఎవరో అక్కడ ఇంకెవరికీ తెలియదు కాబట్టి నవ్వింది నేనొక్కదాన్నే.

అప్పటినుంచి కేంద్రానికి వచ్చిన కారు, రైలు, బాతు, ఏదీ ఆమె చేతిలో పడకుండా తప్పించుకోలేదు. టిఫిన్ డబ్బా మూతల కింద స్పాంజి పెట్టి బటన్లు చేసింది. పిడికిలితో నొక్కేవాళ్లకు ఒక రకం, మోచేత్తో నొక్కేవాళ్లకు ఇంకో రకం. ఒక పిల్లాడు తల పక్కకు వాల్చడం తప్ప ఇంకేమీ చెయ్యలేడు, వాడి బటను కుర్చీకే చెంప దగ్గర బిగించింది. తన వల్లే బొమ్మ కదిలిందని మొదటిసారి తెలిసినప్పుడు ఆ పిల్లల మొహం చూడాలి. నేను మాటలు పొదుపు చేసే మనిషిని కాను గానీ, దాని గురించి చెప్పమంటే మాత్రం నాకు చేతకాదు.

ఒక్కటే చిక్కు. బొమ్మ పూర్తయ్యాక దాన్ని పరీక్షించడానికి వదినకు ఒక పద్ధతి ఉంది. బొమ్మని బల్ల మీద పెట్టి, బటను పట్టుకుని వైరు సాగినంత దూరం వెనక్కి జరిగి నొక్కుతుంది. తన చెవికి వినిపించిందా, బొమ్మ పాసైనట్టు. వినిపించలేదా, మళ్లీ విప్పి స్పీకరు మీద అంటించిన గుడ్డ పీకేసి, ప్లాస్టిక్కుకు ఇంకో నాలుగు బెజ్జాలు పొడుస్తుంది. "చప్పుడు లేని బొమ్మ ఏం బొమ్మే?" అంటుంది. అవతల మిషను ముందు నేను ఎగిరిపడుతుండేదాన్ని. అయినా గట్టిగా ఏమీ అనలేదు. ఎందుకంటే పిల్లలకు ఆ చప్పుడు నచ్చేది. ఎంత గోల అయితే అంత నవ్వు.

ఆమె బొమ్మలన్నిటికీ పెద్ద దిక్కు తాళాలు వాయించే కోతి. దానికి ఎర్ర కోటు, రెండు చేతుల్లో రెండు తాళాలు. వచ్చినప్పుడు ఆ తాళాలు ప్లాస్టిక్కువి. వదిన వాటిని పీకేసి, పాత రేకు డబ్బా మూతలు కత్తిరించి పెట్టింది. బటను నొక్కితే అది కళ్లు గుండ్రంగా తిప్పుతూ ధన్ ధన్‌మని వాయిస్తుంది. గోడ మీద క్యాలెండరు వణికేది. కొత్తగా ఏ పిల్ల వచ్చినా ముందు ఆ కోతి ముందే కూర్చోబెట్టేవాళ్లు.

మహారాణిని కూడా అలాగే కూర్చోబెట్టారు.

అది ఆ పిల్ల పేరు కాదు. "కాలు కింద పెట్టదు, అన్నీ ఉన్నచోటికే రావాలి, మరి మహారాణి కాక ఎవరు?" అని వెంట వచ్చిన అమ్మమ్మే నవ్వుతూ చెప్పింది. ఆరేడేళ్లుంటాయి. కాళ్లూ చేతులూ ఆ పిల్ల మాట వినవు. నోట మాట లేదు. మెడ నిలవదు కాబట్టి కుర్చీకి రెండు పక్కలా నేను దిండ్లు కుట్టిపెట్టాను. ఎడమ చెయ్యి ఒక్కటి, కాస్త ఓపిక పట్టి చూస్తే, బల్ల మీద జరుపుతుంది. కళ్లు మాత్రం మనిషి ఎటు వెళ్తే అటు తిరుగుతూనే ఉంటాయి.

కేంద్రంలో తరగతి చిన్నది. పిల్లకొక మనిషి సాయం ఉండాలి కాబట్టి ఎక్కువమందిని పట్టదు. బయట కాచుకుని ఉన్నవాళ్లేమో చాలామంది. అందుకని కేంద్రం నడిపే పెద్ద మేడమ్ ఒక పద్ధతి పెట్టింది. కొత్త పిల్లని కొన్నాళ్లు చూస్తారు. తను ఏదో చేస్తే ఏదో జరుగుతుందన్న సంగతి ఆ పిల్లకు తెలుసని ఏ రకంగానైనా కనపడితే తరగతిలో చోటు. కనపడకపోతే ఆ చోటు వేరేవాళ్లకు. ఆ తర్వాత ఎప్పుడైనా ఇంటికి వెళ్లి చూసి వస్తారు, అంతే. పెద్ద మేడమ్ చెడ్డ మనిషి కాదు, ఎవరో ఒకరికి లేదని చెప్పక ఆవిడకు తప్పదు. కానీ ఆ మాట ఏ ఇంటి మీద పడబోతోందో నేను చూశాను. పట్టీల కొలతలకు మహారాణి ఇంటికి వెళ్లాను. పిల్ల తల్లి బట్టల కంపెనీలో పని, పొద్దున వెళ్తే చీకటి పడ్డాకే రావడం. అమ్మమ్మ మోకాళ్లు అరిగిపోయాయి, పిల్లని ఎత్తలేదు. ఇప్పుడైతే కేంద్రం వ్యాను డ్రైవరు ఎత్తుకుని ఎక్కిస్తున్నాడు. వ్యాను రావడం మానేస్తే ఇక ఆ పిల్లకు మిగిలేది మంచం, పైన కప్పు, కప్పుకి ఒక ఫ్యాను. ఏళ్ల తరబడి ఆ ఫ్యానునే చూస్తూ పడుకోవాలి.

మొదటిరోజు థెరపీ అమ్మాయి కోతిని ముందు పెట్టి, బటను చేతికి దగ్గరగా జరిపింది. మహారాణి దాన్ని చూసింది, కోతిని చూసింది, మెల్లగా చెయ్యి జరిపి నొక్కింది. కోతి ధన్‌మంది. అంతే, పిల్ల కొయ్యలా బిగుసుకుపోయింది. వీపు విల్లులా వంగింది, ఏడుపు అందుకుంది. సముదాయించేసరికి అందరికీ తల ప్రాణం తోకకొచ్చింది.

"ఇంట్లో చప్పుళ్లకు భయపడుతుందా అమ్మమ్మగారూ?" అని థెరపీ అమ్మాయి అడిగింది.

"అబ్బే, లేదమ్మా. కొత్త చోటు కదా, అందుకే," అంది అమ్మమ్మ.

కొత్తలో చాలామంది పిల్లలు ఏడుస్తారు. కాబట్టి ఆ మాట నమ్మడానికి ఎవరికీ ఏదీ అడ్డం రాలేదు. మర్నాటి నుంచి మహారాణి బటను ముట్టుకోలేదు. చెయ్యి తీసి దాని మీద పెడితే మెల్లగా వెనక్కి లాక్కునేది. చప్పుడు లేనివి పెట్టి చూశారు. బుడగలు ఊదే మిషను, రిబ్బన్లు ఎగరేసే చిన్న ఫ్యాను, రంగుల దీపం. దేనికీ ఉలుకూ పలుకూ లేదు. బటను తెచ్చి బల్ల మీద పెట్టగానే కళ్లు గట్టిగా మూసుకునేది. రోజూ సాయంత్రం థెరపీ అమ్మాయి మొహం వేలాడేసుకుని మా గది ముందు నుంచి వెళ్తూ, "ఇవాళ కూడా నొక్కలేదు," అనేది.

వదినకు అది తల కొట్టేసినట్టయింది. ఆమె కోతిని కాదన్న పిల్ల అంతవరకూ లేదు.

"పిల్లకి సరిగ్గా వినపడటం లేదే. పాపం, చెవులు మందమేమో," అని తీర్పు చెప్పి, రేకులు తీసేసి ఇంకా పెద్దవి బిగించింది. చెవులు మందమన్న మాట ఆమె నోటినుంచి విని నేను నవ్వాలో ఏడవాలో తెలియక సూదిలో దారం ఎక్కించుకుంటూ కూర్చున్నాను.

గడువు దగ్గరపడింది. పిల్ల లోపల ఉన్నంతసేపూ అమ్మమ్మ మా గదిలోనే ఓ స్టూలు మీద కూర్చునేది. ఒకరోజు వదిన ఒక రైలింజను విప్పి, దానికి ఈల కలిపి, తన పద్ధతిలో దూరం జరిగి నొక్కింది. నా చేతిలో కత్తెర కింద పడింది.

"ఈవిడతో నా చెవులు కూడా త్వరలోనే అయిపోతాయి," అన్నాను.

వదినకు వినపడదని తెలిసి కూడా అమ్మమ్మ గొంతు తగ్గించింది. "మీరింకా నయం తల్లీ. మా ఇంట్లో కుక్కరు పెట్టడమే మానేశాం. ఈల వేసిందంటే చాలు, పిల్ల ఇక మన చేతిలో ఉండదు. తలుపు గట్టిగా వేసినా అంతే. పక్కింటివాళ్లకి కూడా చెప్పుకున్నాం."

నేను మిషను ఆపేశాను. "మరి ఆ రోజు అమ్మాయి అడిగితే భయం లేదన్నారేంటి?"

అమ్మమ్మ స్టూలు నా దగ్గరికి జరుపుకుంది. "ఇంతకుముందు ఇంకో చోటికి తీసుకెళ్లామమ్మా. అక్కడ ఉన్నదున్నట్టు చెప్పాం. ఇలా ఏడిస్తే మిగతా పిల్లలు బెదురుతారు, మేం పెట్టుకోలేం అన్నారు. ఇక్కడ కూడా అదే అంటారేమోనని... దాచిపెట్టి పిల్ల గొంతు కోశానా?"

నాకు ఒళ్లు మండింది. ఆమె మీదా, ముందు చోటివాళ్ల మీదా, ఆ కోతి మీదా అన్నది తేల్చుకోలేకపోయాను. చెయ్యి పట్టుకుని థెరపీ గదికి తీసుకెళ్లి, ఆ మాటే మళ్లీ చెప్పించాను. థెరపీ అమ్మాయి విని కుర్చీలో కూలబడింది.

"అయితే మొదటిరోజు చెయ్యి పొరపాటున తగల్లేదు, తనే నొక్కింది. నొక్కితే ఏమవుతుందో ఆ ఒక్కసారితోనే అర్థమైపోయింది. అందుకే మళ్లీ ముట్టుకోలేదు. బుడగలకైనా దీపానికైనా నేను పెట్టింది అదే బటను కదా! తెలుసు కాబట్టే నొక్కలేదు. నేనేమో తెలియక నొక్కలేదనుకున్నాను." ఆ అమ్మాయి తల పట్టుకుంది. "కానీ ఇది మనం అనుకుంటే చాలదక్కా. మేడమ్‌కి కళ్లారా చూపించాలి. నొక్కకపోవడాన్ని ఎలా చూపిస్తాం?"

ముందు వదినకు చెప్పాలి. ఇద్దరం చెరో చెవి దగ్గరా చేరి అరిచి చెప్పాం.

"నా కోతి చప్పుడుకా? అదేం చప్పుడే? మెల్లగా, ముద్దుగా వాయిస్తుంది కదా!"

"వదినా, అది వాయిస్తే గోడ మీద బల్లి కింద పడుతుంది."

ఆమె మూతి ముడుచుకుంది. ఆ రోజంతా మళ్లీ నోరు మెదపలేదు. ఆమె మాట్లాడకపోతే గదికి జబ్బు చేసినట్టుంటుంది. ఐరను వేడెక్కించడం, చల్లార్చడం, ఏదో వైరు తీసి చూడటం, పక్కన పెట్టడం. అలిగిందనుకున్నాను గానీ ఆలోచిస్తోందని నాకు తట్టలేదు.

మర్నాడు నేను వచ్చేసరికి బల్ల మీద ఒక డబ్బా ఉంది. దానికి ఒక వైపు చిన్న ఆకుపచ్చ బటను, ఇంకో వైపు నుంచి వైరు పోయి, మహారాణి కోసం కొత్తగా చేసిన పెద్ద ఎర్ర బటనుకు కలిసింది. లోపల అగ్గిపెట్టెంత రిలే, అంటే తనంతట తాను కరెంటు పట్టుకుని ఉండే స్విచ్చు.

"మిల్లులో చేరిన రోజు ఫోర్‌మన్ నాకు మిషను నడపడం నేర్పలేదే మరదలా," అంది. "ఆపడం నేర్పాడు. పచ్చది నొక్కితే మోటారు తిరుగుతుంది, చెయ్యి తీసినా తిరుగుతూనే ఉంటుంది. ఎర్రది ఒక్కసారి తగిలితే ఆగిపోతుంది. మళ్లీ ఎవరో వచ్చి పచ్చది నొక్కేదాకా చచ్చినా కదలదు. ఊడ్చే పిల్ల నుంచి మేనేజరు దాకా ఎవరైనా ఎర్రది నొక్కచ్చు, ఎందుకు నొక్కావని అడిగేవాడు లేడు. మనం ఈ పిల్లలకి నడపడమే నేర్పుతున్నాం. ఆ పిల్లకి ఆపేది ఇద్దాం."

ఆలోచన బాగుంది. కానీ నాకు కోపం వచ్చింది. "అంటే ముందు ఆ కోతిని వాయించి పిల్లని ఏడిపిస్తారా? అదేం పరీక్ష?"

"అయితే నువ్వే ఏదో ఒకటి కుట్టు. కుట్టేదానివే కదా!"

కుట్టాను. దిండ్లకు వాడే దళసరి గుడ్డ రెండు వరసలు మడిచి, రేకులకు తొడుగులు వేశాను. ఇప్పుడు కోతి వాయిస్తే బట్టలు ఉతుకుతున్నట్టు దబ్ దబ్‌మంటోంది. చప్పుడు ఉంది గానీ చెవులు పగలవు. వదిన దాన్ని చూసి, "నా కోతి చేతులు విరిగి కట్లు కట్టించుకున్నట్టుంది," అని నిట్టూర్చింది. ఆమెకు మాత్రం అది వాయిస్తున్నట్టే వినపడలేదు.

ఆ మధ్యాహ్నమే పెద్ద మేడమ్ వచ్చి థెరపీ గదిలో వెనక బెంచీ మీద కూర్చుంది. ఆవిడ పక్కన అమ్మమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. వదిన, నేను తలుపు దగ్గర. థెరపీ అమ్మాయి ఆకుపచ్చ బటను నొక్కింది. కోతి మొదలుపెట్టింది. మహారాణి భుజాలు బిగిశాయి, మొహం ఏడుపుకి సిద్ధమైంది. అమ్మాయి పిల్ల ఎడమ చేతిని తీసుకుని ఎర్ర బటను మీద వేసి నొక్కించింది. కోతి ఆగింది. గది నిశ్శబ్దమైపోయింది. పిల్ల కళ్లు కోతి మీదికి వెళ్లాయి, బటను మీదికి వచ్చాయి, మళ్లీ కోతి మీదికి వెళ్లాయి.

అమ్మాయి మళ్లీ పచ్చది నొక్కి, ఈసారి తన చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది. కోతి దబ్ దబ్‌మంటోంది. పిల్ల మొహం చిట్లించుకుంది. చెయ్యి కదల్లేదు. ఇక లాభం లేదు, ఆపేయమని చెబుదామని నేను నోరు తెరిచాను. అప్పుడు వేళ్లు కదిలాయి. చెయ్యి బల్ల మీద ఈడ్చుకుంటూ, మధ్యలో ఒకసారి జారి, మళ్లీ ముందుకు వచ్చి, బటను మీద పడింది. కోతి ఆగింది.

"చెయ్యి తగిలి ఉండచ్చు," అంది పెద్ద మేడమ్. గొంతు మాత్రం మారింది. "ఇంకోసారి."

ఇంకోసారి చేస్తే ఈడ్చుకోవడం తగ్గింది. ఆ తర్వాత సారి అమ్మాయి పచ్చ బటను వైపు చెయ్యి చాచేసరికే మహారాణి చెయ్యి ఎర్ర బటను మీద కాచుకుని ఉంది. కోతికి ఒక్క దెబ్బ కొట్టే తీరిక కూడా దొరకలేదు.

వదిన ఇక ఆగలేకపోయింది. ఒక్క అంగలో వెళ్లి పిల్ల ముందు వాలిపోయి, "నొక్కిందే! చూశావా మరదలా! నా బంగారమే! ఎంత తెలివే నీకు! కోతి నోరు మూయించావే!" అని అరుపు అందుకుంది. మిల్లు గొంతు, అదీ పిల్ల చెవి పక్కన. మహారాణి మొహం ముడుచుకుపోయింది. కోతి అప్పటికే ఆగిపోయి ఉంది. అయినా పిల్ల చెయ్యి లేచి బటను మీద పడింది. వదిన ఆపలేదు. పిల్ల మళ్లీ నొక్కింది. కళ్లు కోతి మీద లేవు, వదిన మీదే ఉన్నాయి. ఇంకోసారి, ఇంకా గట్టిగా నొక్కింది.

ముందు నవ్వింది థెరపీ అమ్మాయి. పెద్ద మేడమ్ అర్థమై నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను పరుగెత్తి వదిన భుజం పట్టుకున్నాను.

"వదినా, కోతిని కాదు. నిన్ను ఆపుతోంది!"

ఆ మాట ఎలా వినపడిందో గానీ వినపడింది. వదిన నోరు సగం తెరిచినది తెరిచినట్టే ఆగిపోయింది. గదిలో చప్పుడు లేదు. మహారాణి బటను మీంచి చెయ్యి తీసేసింది. ఒళ్లు వదులైంది. నవ్వింది. మా దగ్గరికి వచ్చాక ఆ పిల్ల నవ్వడం అదే మొదటిసారి.

"వచ్చే వారం నుంచి తరగతికి పంపండి అమ్మమ్మగారూ," అంది పెద్ద మేడమ్. "వ్యాను రోజూ వస్తుంది. చప్పుళ్ల సంగతి మేం చూసుకుంటాం, మీరు ఏదీ దాచకండి."

అమ్మమ్మ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అందులో సిగ్గుపడాల్సింది ఏముంది?

వదిన మాత్రం ఇంటికి వెళ్లేదాకా పెదవి విప్పలేదు. మా అన్నయ్య కంగారుపడి, జ్వరమా అని చేత్తో నుదురు చూపించి అడిగాడట. మర్నాడు పనికి వచ్చినప్పుడు చూద్దును కదా, జుట్టు చెవుల మీదికి దువ్వుకుని వచ్చింది. దాని కింద చెవి మిషను. నేను చూశానని ఆమె చూసింది. ఒక్క మాట అన్నావంటే చంపేస్తానన్నట్టు కళ్లు ఉరిమింది. నేను బుద్ధిగా మిషను తొక్కడం మొదలుపెట్టాను.

"అబ్బా! నీ మిషను రోజూ ఇంత గోల చేస్తుందా?"

"ఇది తక్కువే వదినా."

ఆమె కోతిని తీసుకుని, చేతులకు నేను వేసిన తొడుగులు విప్పింది. బల్ల మీద పెట్టింది. ఎప్పటిలాగే వైరు సాగినంత దూరం వెనక్కి జరిగింది, పచ్చది నొక్కింది.

కోతి ధన్‌మంది. వదిన ఎగిరిపడింది. ఎర్ర బటను ఎక్కడుందో వెతుక్కుని, అరచేత్తో దాని మీద ఒక్కటి చరిచింది. కోతి ఆగింది.

"ఇదేనా?" అంది.

"ఇదే."

"రోజూ ఇలాగేనా?"

"రోజూ."

స్టూలు మీద కూర్చుండిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "దీన్ని ఆ పిల్ల మొహం మీద పెట్టి, పైగా చెవులు మందమేమోనని రేకులు పెద్దవి చేశానే. ఎంత నరకం పడిందో. చెప్పడానికి నోరైనా లేదే దానికి."

ఓదార్చడం నాకు రాదు. "ఆ రైలింజను ఇటు ఇవ్వు, స్పీకరుకి గుడ్డ కుట్టి పెడతాను," అన్నాను. ఇచ్చింది. ఆ వారమంతా పాత బొమ్మలన్నీ ఒక్కొక్కటే విప్పి, పీకేసిన గుడ్డలు మళ్లీ అంటించింది. గోల కావాలనుకునే పిల్లల కోసం కొన్నిటిని అలాగే ఉంచి, వాటికి ఎర్ర చుక్క పెట్టింది.

మహారాణి తరగతికి రావడం మొదలుపెట్టాక, వదిన ఆ పిల్ల బల్లకు ఒక చిన్న దీపం బిగించింది. ఎర్ర బటను నొక్కితే దీపం వెలుగుతుంది. వెలిగిందంటే చాలు, ఆపండి అని. టీచరు పాట ఆపాలన్నా, పక్కవాడు బల్ల గుద్దడం మానాలన్నా, తినిపించే ముద్ద ఇక వద్దన్నా అదే. మొదట్లో పిల్ల దాన్ని ఊరికే ఉంచలేదు. అంతకాలం దాచుకున్న 'ఇక చాలు'లన్నీ ఒక్కసారే బయటపెట్టింది. అందరం ఆగాం.

దీపం వైరు సరిచెయ్యాలని వదిన ఓ మధ్యాహ్నం తరగతిలోకి వెళ్లింది. కాసేపటికి దిండు గలేబు మార్చాలన్న వంకతో నేనూ వెళ్లి గుమ్మం దగ్గర నిలబడ్డాను. వైరు పని అయిపోయింది. వదిన పిల్ల ముందు చిన్న కుర్చీ వేసుకుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఏదో చెబుతోంది. పెదవులు కదలడం కనిపిస్తోంది గానీ మాట వినపడటం లేదు. గుమ్మం దగ్గర నిలబడి మా వదిన మాట వినలేకపోవడం నా జన్మలో అదే మొదలు. కోతి వాయించినట్టు చేతులు చూపించింది, తర్వాత చెవి మిషను చూపించింది, తర్వాత చేత్తో గుండ్రంగా తిప్పుతూ కదుళ్ల సంగతేదో చెప్పింది. మధ్యలో ఒకసారి కళ్లు తుడుచుకుంది.

మహారాణి ఎడమ చెయ్యి ఎర్ర బటను మీదే ఉంది. కళ్లు వదిన మొహం మీద ఉన్నాయి. నేను దీపం వైపే చూస్తూ నిలబడ్డాను. వదిన చాలాసేపు మాట్లాడింది. పిల్ల నొక్కలేదు.